అయిదు రేకుల వీల్: పాత పొర తీసే పని

1966లో పోర్షే 911 ఎస్ కారుతో పాటు వచ్చిన ఫుక్స్ వీల్‌కి అయిదు రేకులు. జర్మనీలోని మైనెర్‌త్సహాగెన్‌లో ఒట్టో ఫుక్స్ కంపెనీ దీన్ని పోత పోయలేదు. అల్యూమినియం దిమ్మెను వేడిచేసి, ప్రెస్సు కింద సాగగొట్టి, అంచును రోలర్లతో తిప్పి ఆకారానికి తెచ్చింది. రేకుల రూపు పోర్షే మోడల్ విభాగంలో హైన్‌రిష్ క్లీ చేతుల్లో తయారైంది. అప్పటికి అల్లాయ్ వీల్ కొత్తేమీ కాదు. 1924లో లియోన్ గ్రాండ్ ప్రీ రేసులో దిగిన బుగాటీ టైప్ 35 కారుకే పోత పోసిన అల్యూమినియం వీల్స్ ఉన్నాయి. కానీ పోత లోహంలో గాలి బుడగలు మిగిలిపోయే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. సాగగొట్టిన లోహంలో రేణువులు వీల్ ఆకారం వెంటే వరుసదీరి ఉంటాయి కాబట్టి, అదే బలానికి తక్కువ లోహం సరిపోతుంది. చక్రం ఎంత తేలికైతే గుంతలో దిగి లేచేటప్పుడు స్ప్రింగు మీద, షాక్ అబ్జార్బరు మీద అంత తక్కువ భారం పడుతుంది.

1989 దాకా 911 కార్ల మీద వచ్చిన ఈ వీల్స్ ఇప్పటికీ వేల సంఖ్యలో తిరుగుతున్నాయి. చాలావాటికి లోపలి లోహం చెక్కుచెదరలేదు, పాడైంది పైపొరే. అందుకే యూరప్‌లో, అమెరికాలో పాత కార్లంటే ఇష్టపడేవాళ్లు ఇంటి గ్యారేజీలోనే ఈ వీల్స్‌ని విప్పి, గీకి, కొత్త పూత వేసుకునే అలవాటు దశాబ్దాలుగా సాగుతోంది. మన దగ్గర అంబాసిడర్, పద్మిని కార్లు ఇనప వీల్స్ మీదే తిరిగాయి గనుక ఈ పని డెంటింగ్, పెయింటింగ్ షాపుల చేతికి పెద్దగా రాలేదు. అయినా ఇందులో వాడే వాటర్ పేపర్, ప్రైమర్, మాస్కింగ్ టేపు ఆ షాపుల్లో రోజూ కనిపించేవే.

పని మొదలుపెట్టే ముందు వీల్ మీద ఉన్న పొర ఏమిటో తెలియాలి. ఫుక్స్ వీల్ రేకుల మీద, అంచు మీద మామూలుగా ఉండేది పెయింటు కాదు, అనోడైజింగ్. వీల్‌ని సల్ఫ్యూరిక్ ఆసిడ్ తొట్టిలో ముంచి కరెంటు పెడితే పైన ఉన్న అల్యూమినియమే గట్టి ఆక్సైడ్‌గా మారుతుంది. బయటి నుంచి తెచ్చి అంటించిన పూత కాదు గనుక పెచ్చులూడదు. మందం మైక్రాన్లలోనే, అంటే వెంట్రుక మందంలో చిన్న భాగం. దీని రంగు, కడిగి ఆరబెట్టిన సత్తు గిన్నె తెలుపుకీ వెండి మెరుపుకీ మధ్యలో ఉంటుంది, దగ్గరగా చూస్తే లేత బంగారు ఛాయ. రేకుల మధ్య లోతుల్లో మాత్రమే నల్ల పెయింటు ఉంటుంది. కాబట్టి ఒకే వీల్ మీద రెండు పొరలు, వాటిని తీసే పద్ధతులూ రెండు.

లోహమేదో తేల్చుకోవడం ఇంకా ముఖ్యం. ఫుక్స్ వీల్‌లో 97 శాతం అల్యూమినియమే. మిగిలినదాంట్లో మెగ్నీషియం, సిలికాన్, మాంగనీస్ వగైరా కొద్దికొద్దిగా ఉంటాయి. అయితే అదే కాలపు రేసు వీల్స్ కొన్ని పూర్తిగా మెగ్నీషియం మిశ్రమంతో పోసినవి. బ్రిటన్‌లో మినీ కార్ల కోసం వచ్చిన తొలి మినీలైట్ వీల్స్ అలాంటివే. కంటికి రెండూ ఒకేలా ఉంటాయి. వెనక వైపు కనపడని చోట చిటికెన వేలి గోరంత మేర గీకి, వెనిగర్ చుక్క వేస్తే సంగతి తేలిపోతుంది. మెగ్నీషియమైతే చుక్క వెంటనే బుసబుస పొంగుతుంది. అల్యూమినియమైతే ఉలుకూ పలుకూ ఉండదు. ఈ తేడా తెలియకుండా ఆసిడ్ కలిసిన క్లీనర్ పూస్తే మెగ్నీషియం వీల్ కళ్లముందే కరిగిపోతుంది. గ్రైండర్ పెట్టి గీకితే ఇంకా ప్రమాదం. బడిలో మెగ్నీషియం రిబ్బన్ మండించి చూసినవాళ్లకు ఆ తెల్లటి వెలుగు గుర్తుండే ఉంటుంది. గ్యారేజీ మూల పేరుకున్న మెగ్నీషియం పొడి కూడా అలాగే అంటుకుంటుంది. నీళ్లు పోస్తే ఆరదు సరికదా, హైడ్రోజన్ పుట్టి ఇంకా రేగుతుంది. పొడి ఇసుక పోసి కప్పాలి. నిజానికి మెగ్నీషియం వీల్‌ని ఇంట్లో ముట్టుకోకుండా తెలిసినవాళ్లకు ఇవ్వడమే మంచిది.

టైరు, వాల్వు, బ్యాలెన్స్ బరువులు తీసి, గ్రీజు, బ్రేకు మసి పోయేదాకా కడిగాక పగుళ్లు వెతకాలి. ఇందుకు ఎర్ర డై స్ప్రే, తెల్ల డెవలపర్ స్ప్రే జతగా దొరుకుతాయి. పెయింటు ఉన్నచోట డై పగులులోకి దిగదు కాబట్టి ఈ పరీక్ష పాత పొర తీశాక ఇంకోసారి చెయ్యాలి. ఎర్ర డై చల్లి, పగుళ్లలోకి ఇంకడానికి కాసేపు వదిలి, పైన మిగిలింది గుడ్డతో పూర్తిగా తుడిచేసి, తెల్లది పల్చగా చల్లుతారు. వీల్ అంతా సున్నం కొట్టినట్టు తెల్లబడుతుంది. పగులు ఉంటే కొద్ది నిమిషాల్లో ఆ తెలుపులోంచి సన్నటి ఎర్ర గీత ఊరుతూ వస్తుంది. నట్ల రంధ్రాల చుట్టూ, రేకు మొదట్లో, లోపలి అంచు దగ్గర ముందుగా చూడాలి. గీత కనిపించిన వీల్‌ని గోడకు తగిలించుకోవచ్చు గానీ కారుకు బిగించకూడదు. వేడిచేసి గట్టిపరచిన లోహాన్ని వెల్డింగ్ చేస్తే ఆ చుట్టుపక్కల బలం పోతుంది. వంగిన అంచును మంట పెట్టి సరిచేయడమూ అంతే.

ఇక నల్ల పెయింటు. ఒకప్పుడు మిథిలీన్ క్లోరైడ్ కలిసిన స్ట్రిప్పర్ బ్రష్షుతో పూస్తే పది నిమిషాల్లో పెయింటు ముడతలు పడి లేచేది. ఆ ఆవిరికి మూసిన గదుల్లో ప్రాణాలు పోవడంతో అమెరికాలో 2019లో మామూలు కొనుగోలుదారులకు వాటి అమ్మకం నిషేధించారు. ఇప్పుడు దొరికే రకాలు నెమ్మదిగా పనిచేస్తాయి. పూశాక పైన ప్లాస్టిక్ కవరు చుట్టి రాత్రంతా వదిలేస్తే పొద్దున్నకి చెక్క గరిటెతో తోస్తే ఊడివస్తుంది. ఇనప గరిటె, ఇనప బ్రష్షు వద్దు. గీతలు పడడం ఒకటైతే, అల్యూమినియంలో దిగబడిన ఇనప రజను తర్వాత తుప్పు మచ్చలై కొత్త పూత కింద నుంచి పైకి తేలడం రెండోది. ఇసుక బ్లాస్టింగ్ తొందరగా తేలిపోయే పని అనిపిస్తుంది గానీ రేకుల పదునైన అంచుల్ని గుండ్రం చేసేస్తుంది, సిలికా దుమ్ము ఊపిరితిత్తుల్ని పాడుచేస్తుంది. ప్లాస్టిక్ గుళికలో, అక్రోటు చిప్పల పొడో తక్కువ ఒత్తిడిలో వాడితే లోహానికి దెబ్బ తగలదు.

వీల్ వెనక కొట్టిన అచ్చుల్ని మాత్రం ఏ పద్ధతిలోనూ ముట్టుకోకూడదు. సైజు, పార్టు నంబరు, తయారైన నెల, సంవత్సరం అక్కడే ఉంటాయి. కారు తయారైన కాలానికి ఆ తేదీ సరిపోతే వీల్ అసలుదని నమ్ముతారు, ధర అమాంతం పెరుగుతుంది. వెనక ఎవరు చూస్తారులే అని బ్లాస్టింగ్ పట్టించి ఆ అచ్చులు అరగదీసినవాళ్లు లేకపోలేదు.

అనోడైజింగ్ తీయడమే ఈ పని మొత్తానికి గట్టి ఘట్టం. వాటర్ పేపర్ ఎంత కొట్టినా ఆక్సైడ్ పొర ఒక పట్టాన లొంగదు, పేపరే అరిగిపోతుంది. దాన్ని కరిగించేది కాస్టిక్ సోడా. సబ్బు తయారీలో వాడేది, కాలువలు బాగుచేసే పొడిలో ఉండేది ఇదే. గ్యారేజీల్లో ఎక్కువమంది వాడే ఓవెన్ క్లీనర్ నురగలో కూడా ఇదే ఉంటుంది. చిక్కేమిటంటే, కాస్టిక్ సోడాకు ఆక్సైడ్ ఎంత ఇష్టమో దాని కింద ఉన్న అల్యూమినియం అంతకన్నా ఇష్టం. పులుసు సత్తు గిన్నెలో వండొద్దని పెద్దవాళ్లు చెప్పేది పులుపు లోహాన్ని తింటుందని. క్షారం దానికన్నా ఆబగా తింటుంది. పొర కరిగినంతసేపు పెద్దగా చలనం ఉండదు. పొర అయిపోయిన క్షణాన ఒక్కసారిగా సన్న బుడగలు లేస్తాయి, అది హైడ్రోజన్. ఆ బుడగలే ఆపమనే సంకేతం. అక్కడ నీళ్ల పైపు విప్పనివాళ్ల వీల్ మీద నారింజ తొక్కలాంటి గుంటలు మిగులుతాయి.

అందుకే వీల్ అంతా ఒకేసారి పూయకుండా ఒక్కో రేకు చొప్పున చేస్తారు. నీడలో, గాలి ఆడేచోట, దగ్గర్లో నిప్పు లేకుండా, చేతులకు పొడుగు రబ్బరు తొడుగులు, కళ్లకు అద్దాలు పెట్టుకుని చేసే పని ఇది. పొడిని నీళ్లలో కలుపుకునేవాళ్లు ఎప్పుడూ నీళ్లలోకి సోడా వేయాలి. సోడా మీద నీళ్లు పోస్తే ఉడుకెత్తి ముఖం మీదికి చిమ్ముతుంది. కడిగాక లోహం మీద బూడిదలాంటి నల్లటి మసి కనిపిస్తుంది. మిశ్రమంలో ఉండి క్షారానికి కరగని సిలికాన్, ఇనుము వగైరా అలా పైన మిగులుతాయి. ఫ్యాక్టరీల్లో దాన్ని నైట్రిక్ ఆసిడ్‌తో కడుగుతారు. ఇంట్లో ఆ సాహసం అక్కర్లేదు. నీళ్లతో బాగా కడిగి, సన్న స్కాచ్‌బ్రైట్‌తో రుద్దితే పోతుంది.

ఫుట్‌పాత్ అంచుకు ఒరుసుకున్న గాట్లు ఇప్పుడు అసలు లోతులో కనిపిస్తాయి. చిన్న ఆకురాయితో గాటు పెదవులు మాత్రం దించి, 180 నంబరు పేపర్‌తో మొదలుపెట్టి 240, 320, 400, 600 వరుసలో తడిగా పేపర్ కొట్టాలి. ఒక్కో నంబరుకి దిశ మార్చితే ముందు పేపర్ గీతలు ఎక్కడ మిగిలాయో అడ్డంగా కనిపిస్తాయి. ఒక నంబరు దాటేసి తొందరపడితే ఆ గీతలు పాలిష్ అయ్యాక బయటపడతాయి. అప్పుడు మళ్లీ వెనక్కి వెళ్లి మొదలెట్టాల్సిందే. గాటు మరీ లోతుగా ఉంటే చుట్టూ లోహమంతా దించడం కంటే కొంచెం గుంట అలాగే ఉంచడం మేలు. అంచు మందం ఒకసారి పోతే తిరిగిరాదు.

ఇక్కడి నుంచి దారులు వేరవుతాయి. 1000, 2000 నంబర్ల దాకా వెళ్లి బఫింగ్ చక్రంతో అద్దంలా మెరిపించడం అమెరికాలో బాగా ఇష్టపడే పద్ధతి. చూడ్డానికి బాగుంటుంది. కానీ ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ఫుక్స్ వీల్ ఎప్పుడూ అలా మెరవలేదు. పైగా పొర లేని అల్యూమినియం వానకీ, ఉప్పుగాలికీ కొద్ది వారాల్లో మసకబారుతుంది, రెండు మూడు నెలలకోసారి పాలిష్ తప్పదు. పాత రూపు కావాలనుకునేవాళ్లు 600 దగ్గరే ఆగి, సన్నని మాట్ వచ్చేలా రుద్ది, మళ్లీ అనోడైజింగ్‌కు పంపుతారు. ఆ తొట్టి, ఆసిడ్, కరెంటు ఇంట్లో పెట్టుకునేవి కావు. గ్యారేజీలో చేసిన గీకుడు పనిలో లోపాలు దాచే పూత కూడా కాదు అనోడైజింగ్. వేలిముద్ర మిగిలినా చూపిస్తుంది.

మూడో దారి పెయింటు. లోహాన్ని థిన్నర్‌తో తుడిచి, చేతి జిడ్డు తగలకుండా ఎచ్ ప్రైమర్ వేసి, దాని మీద సిల్వర్, లోతుల్లో శాటిన్ నలుపు, చివర క్లియర్ కోటు వేస్తారు. రెండు డబ్బాలు కలిపి వాడే గట్టి క్లియర్ కోటులో ఐసోసయనేట్లుంటాయి. దానికి గుడ్డ మాస్కు చాలదు, బయటి గాలి అందించే మాస్కు కావాలి. అది లేనివాళ్లు ఒక డబ్బా స్ప్రేతో సరిపెట్టుకోవడమే తెలివి. టైరు విప్పకుండా అంచు మాత్రమే సరిచేసేవాళ్లు టేపు బదులు పేక ముక్కలు వాడతారు. టైరు గాలి తగ్గించి, రబ్బరుకీ రిమ్ముకీ మధ్య ముక్కల్ని ఒకదాని మీద ఒకటి కొంచెం ఎక్కేలా చుట్టూ గుచ్చుకుంటూ పోతారు. స్ప్రే చేసేశాక పేక లాగేస్తే రబ్బరు మీద చుక్క కూడా ఉండదు.

పౌడర్ కోటింగ్ గట్టిగా ఉంటుందని చాలామంది దానికే మొగ్గుతారు. కానీ ఆ పొడి కరగాలంటే 180 నుంచి 200 డిగ్రీల సెల్సియస్ ఓవెన్‌లో వీల్‌ని ఉంచాలి. ఇలాంటి మిశ్రమాలకు ఫ్యాక్టరీలో బలం తెచ్చే చివరి వేడి కూడా సుమారు ఆ దగ్గర్లోనే ఉంటుంది. ఒకసారి జాగ్రత్తగా కాల్చడం వేరు, రంగు నచ్చలేదని రెండు మూడుసార్లు కాల్చడం వేరు. యాభై ఏళ్లు దాటిన వీల్‌కి తడి పెయింటే నమ్మకమైనది.

పూత ఏదైనా రెండు చోట్ల మాత్రం పడకూడదు. ఒకటి హబ్బుకు ఆనుకునే వెనక ముఖం, రెండోది నట్టు కూర్చునే గుంట. పోర్షే నట్లకు అడుగు గుండ్రంగా ఉంటుంది, గుంట కూడా దానికి తగ్గట్టే గిన్నెలా ఉంటుంది. అక్కడ పెయింటు ఉంటే బిగించేటప్పుడు టార్కు రెంచి సరైన లెక్కే చూపిస్తుంది. తర్వాత ఆ పెయింటు నలిగి పలచబడి నట్టు వదులవుతుంది. అందుకే స్ప్రే చేసే ముందే ఆ అయిదు గుంటల్లోనూ గ్రీజు పూసిన బిళ్లలో, గుండ్రంగా కత్తిరించిన టేపో పెడతారు.

పూత పూర్తిగా గట్టిపడడానికి వారమైనా ఆగి టైరు ఎక్కించాలి. షాపువాళ్లు టైరు ఎక్కించే మిషను దవడతో అంచు పట్టుకునేచోట ప్లాస్టిక్ తొడుగు వేశారో లేదో దగ్గరుండి చూసుకోవాలి. ఇన్ని రోజుల పని అక్కడ అర నిమిషంలో పోతుంది. బ్యాలెన్స్‌కి అంచుకు కొక్కెంలా దిగ్గొట్టే బరువులు కాకుండా లోపలి వైపు అంటించేవి అడగాలి. నట్లను చేత్తో తిప్పి కూర్చోబెట్టి, ఒకటి విడిచి ఒకటి చొప్పున టార్కు రెంచితో 130 న్యూటన్ మీటర్ల దాకా బిగించాలి. వంద కిలోమీటర్ల లోపు ఒకసారి ఆపి, వీల్ చల్లారాక అదే రెంచితో మళ్లీ చూడాలి.