కాలిన కాయిల్ చెప్పే సాక్ష్యం

ఒంగోలు దగ్గరి చీమకుర్తి పేరు దేశాలు దాటి వెళ్లింది నల్లరాతి వల్ల. ఇక్కడి గెలాక్సీ గ్రానైట్‌లో బంగారు రజనులా మెరిసేది బ్రాంజైట్ అనే ఖనిజమని భూగర్భ శాస్త్రజ్ఞులు చెబుతారు. ఆ రాతిని కొండ నుంచి విడదీసే డైమండ్ వైర్ సా, బ్లాకును పలకలు చేసే కటింగ్ యంత్రం, పలకకు నునుపు తెచ్చే పాలిషింగ్ యంత్రం, క్వారీ గుంతలో ఊరే నీటిని తోడిపోసే పంపు... ఇన్నింటినీ తిప్పేది ఎలక్ట్రిక్ మోటారే. రాయికి ఉన్న పేరులో వందోవంతు కూడా ఆ మోటార్లను బతికించే విద్యకు లేదు. మోటారును చల్లగా ఉంచడమంటే గాలి తగిలేలా చూడటమేనని చాలామంది అనుకుంటారు. గాలి అవసరమే, కానీ అది చివరి మెట్టు. పుట్టిన వేడిని బయటికి పంపడం కంటే, అది ఎందుకు పుట్టిందో కనిపెట్టి మొదట్లోనే తగ్గించడం పెద్ద పని. ఆ పని తెలిసినవాళ్లు మన వైండింగ్ షాపుల్లోనూ, యంత్రం పక్కన ఆంపియర్ మీటరు మీద కన్నేసి ఉంచే ఆపరేటర్లలోనూ ఉన్నారు. వాళ్లది మరమ్మతు పని మాత్రమే కాదు, రోగ నిర్ణయం కూడా.

మోటారులో రాగి తీగ గుండా కరెంటు పారినప్పుడు పుట్టే వేడి, కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. కరెంటు రెట్టింపైతే వేడి నాలుగు రెట్లు. దానికి తోడు రాగి వేడెక్కినకొద్దీ దాని నిరోధం డిగ్రీకి సుమారు 0.39 శాతం చొప్పున పెరుగుతుంది. అంటే వేడెక్కిన మోటారు అదే కరెంటుకు ఇంకా ఎక్కువ వేడిని పుట్టిస్తుంది. ఈ సుడిలో ముందు చచ్చేది రాగి కాదు, తీగ మీది ఎనామిల్ పూత, స్లాట్లలోని పేపరు. వాటికి హద్దులున్నాయి: బి క్లాసు ఇన్సులేషన్‌కు 130 డిగ్రీలు, ఎఫ్ క్లాసుకు 155, హెచ్ క్లాసుకు 180. హద్దు దాటాక ప్రతి 10 డిగ్రీలకూ ఇన్సులేషన్ ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుందన్నది ఇంజనీర్లు ఎన్నో దశాబ్దాలుగా వాడుతున్న లెక్క. పైగా మామూలు మోటారు నేమ్‌ప్లేటు మీది సామర్థ్యం చుట్టూ ఉన్న గాలి 40 డిగ్రీలకు మించదన్న షరతు మీద రాసింది. మే నెలలో ఒంగోలు చుట్టుపక్కల ఆ షరతు నీడలోనే చెల్లకుండా పోతుంది. ఇక నల్లరాయి ఎండను పీల్చి తిరిగి కక్కే క్వారీ గుంత సంగతి చెప్పనక్కర్లేదు. చుట్టూ 50 డిగ్రీలున్న చోట మోటారు మీద మోపే భారాన్ని పదోవంతు దాకా తగ్గించుకోవాలి. మోటారుపై చిన్న రేకు పందిరి వేసి, కింద నాలుగువైపులా గాలి ఆడనిస్తే ఆ ఖర్చు ఒక్క వేసవిలోనే తిరిగి వస్తుంది.

గాలి సంగతి కూడా ఊరికే తేలేది కాదు. మూసి ఉన్న మోటారుకు వెనక ఫ్యాను, దాని మీద చిల్లుల మూత, ఒంటినిండా రెక్కల్లాంటి ఫిన్స్ ఉంటాయి. ఫ్యాను పీల్చిన గాలి ఆ ఫిన్స్ మధ్య నుంచి సాగాలి. గ్రానైట్ కోతలో రాతిపొడి, నీళ్లు కలిసిన స్లర్రీ చింది ఫిన్స్ మధ్య పేరుకుని, ఆరితే సిమెంటులా గట్టిపడుతుంది. గుంటూరు జిన్నింగ్ మిల్లుల్లో శత్రువు దూది పీచు, మూత చిల్లులకు దుప్పటిలా అల్లుకుంటుంది. కారం మిల్లుల్లో నూనె కలిసిన సన్నని పొడి జిగటగా అంటుకుంటుంది. మూడు చోట్లు, మూడు పదార్థాలు, ఒకటే మరణం. బయటి నుంచి పెద్ద ఫ్యాను పెట్టినా ఈ పొర మీదుగా గాలి వీస్తుందే గాని, లోపలి లోహానికి తగలదు. తడి గోనెసంచి కప్పడం మరీ చెడ్డది, ఉన్న గాలి దారి కూడా మూసేసి లోపలికి తేమ పంపుతుంది. వారానికోసారి కరెంటు తీసేసి, చెక్కముక్కతోనో గట్టి బ్రష్షుతోనో ఫిన్స్ గీకడం కంటే మంచి మందు ఇంకా రాలేదు.

అయితే శుభ్రంగా ఉన్న మోటార్లూ కాలుతున్నాయి. అసలు విద్య మొదలయ్యేది ఇక్కడే. భారాన్ని అదుపులో ఉంచడం ఎలాగో తెలియాలంటే రిమోట్ కంట్రోల్ కార్ల పందేలవాళ్ల పద్ధతి చూడండి. వాళ్ల మోటారు చాలావరకు 36 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న చిన్న డబ్బా. దానికి అల్యూమినియం హీట్ సింకు, బుల్లి ఫ్యాను తగిలిస్తారు. పరుగు ముగియగానే ఇన్ఫ్రారెడ్ థర్మామీటరుతో వేడి చూస్తారు. ఎక్కువుంటే అనుభవజ్ఞుడు ముందు మార్చేది ఫ్యాను కాదు, మోటారు షాఫ్టు మీది చిన్న పళ్లచక్రం, అంటే పినియన్. ఒకటి రెండు పళ్లు తక్కువున్న పినియన్ వేస్తే కారు వేగం కాస్త తగ్గుతుంది, మోటారు మీద భారం తగ్గుతుంది, వేడి దానంతటదే దిగుతుంది. చీమకుర్తిలో వైర్ సా ఆపరేటరు చేసేదీ అదే. రాతిలో గట్టి పొర తగిలి ఆంపియర్లు ఎక్కుతుంటే యంత్రాన్ని వెనక్కి జరిపే వేగం తగ్గిస్తాడు. గంటకు కోసే చదరపు మీటర్లు తగ్గుతాయని యజమాని తొందరపెట్టవచ్చు. మోటారు కాలితే ఆగిపోయే పనిదినాలను కలిపితే ఆ లెక్క తిరగబడుతుంది.

భారం సరిగ్గానే ఉన్నా కరెంటే మోసం చేసే సందర్భాలు మన పల్లెల్లో మరీ ఎక్కువ. మూడు ఫేజుల వోల్టేజీల మధ్య తేడా మూడున్నర శాతం ఉంటే చాలు, వైండింగ్‌లో వేడి పెరుగుదల పాతిక శాతం దాకా ఎక్కువవుతుంది. తిరుగుతున్న మోటారుకు ఒక ఫేజు పోతే మిగిలిన రెండింటి నుంచే పని లాగుతుంది. లైను కరెంటు దాదాపు 1.73 రెట్లు, అంటే వేడి మూడు రెట్లు. స్టార్ట్ అయ్యేటప్పుడు మోటారు లాగేది మామూలు కరెంటుకు ఆరేడు రెట్లు. కరెంటు రాగానే ఫీడరు మీది ఆటో స్టార్టర్లన్నీ ఒక్కసారే లేస్తే వోల్టేజీ కుంగి, ఆ ఎక్కువ కరెంటు చాలాసేపు నిలుస్తుంది. బోరులో దించే సబ్‌మెర్సిబుల్ పంపుదీ ఇలాంటి కథే: దాన్ని చల్లబరిచేది పక్కనుంచి పారే నీరు, బోరు ఎండుతుంటే ఆ పారుదల ఆగుతుంది. ఇవన్నీ జరిగిపోయాక మోటారు వైండింగ్ షాపుకు చేరుతుంది. మంచి వైండర్ మూత విప్పి ముందు కాయిళ్ల రంగు చూస్తాడు. స్టార్ కనెక్షన్‌లో రెండు ఫేజుల కాయిళ్లు నల్లబడి మూడోది కొత్తగా ఉంటే, లేదా డెల్టాలో ఒక్క ఫేజు మాత్రమే కాలితే, ఫేజు పోయింది. అన్నీ సమంగా మాడితే అధిక భారమో, గాలి అందకపోవడమో. ఒక్క చోటే రాగి కరిగితే చుట్ల మధ్య షార్ట్. ఏ నేమ్‌ప్లేటూ చెప్పని సాక్ష్యం ఆ కాయిళ్లలో ఉంటుంది.

తర్వాత చుట్టడంలోనూ చల్లదనం దాగి ఉంది. పాత కాయిల్ విప్పుతూ చుట్ల సంఖ్య, తీగ గేజు, పిచ్, కనెక్షన్ రాసుకోవాలి. రాగి ఆదా కోసం తీగ మందం పదో వంతు తగ్గించినా నిరోధం దాదాపు ఇరవైమూడు శాతం పెరుగుతుంది, మోటారు పుట్టుకతోనే వేడిగా బతుకుతుంది. చివర వార్నిష్‌లో ముంచి ఓవెన్‌లో ఆరబెట్టడం బిగువు కోసమేనని చాలామంది అనుకుంటారు. గాలి వేడిని సరిగా మోయదు. తీగల మధ్య గాలి సందులను వార్నిష్ నింపినప్పుడే రాగిలోని వేడి ఇనుప కోర్‌కు, అక్కడ్నించి ఫిన్స్‌కు చేరుతుంది. పైపైన బ్రష్షుతో పూసిన వార్నిష్ ఆ పని చేయదు.

రివైండ్ చేసిన మోటారు కరెంటు తింటుంది, కొత్తది కొనడమే మేలని ఒక వాదన ఉంది. అందులో నిజం లేకపోలేదు. స్టేటరును నేరుగా మంటలో పెట్టి పాత వైండింగ్ కాల్చే పద్ధతి ఇనుప పొరల మధ్య పూతను పాడుచేసి నష్టాలు పెంచుతుంది. కానీ ఆ తప్పు రివైండింగ్‌ది కాదు, మంటది. మోటారు మరమ్మతుదారుల అంతర్జాతీయ సంఘాలు ఈసా, ఏఈఎంటీ కలిసి 2003లో వెలువరించిన అధ్యయనం, పద్ధతి ప్రకారం చేసిన రివైండింగ్‌తో సామర్థ్యాన్ని నిలబెట్టవచ్చని తేల్చింది. కోర్ వేడిని 370 డిగ్రీలకు మించనివ్వకపోవడం అందులో ముఖ్యం. బాగా పాత, చిన్న మోటారైతే అధిక సామర్థ్యపు ఐఈ3 తరగతి కొత్త మోటారు కొనడమే లాభమని ఒప్పుకోవాలి. అయితే ఫేజు పోయే లైను మీద, స్లర్రీ పేరుకునే చోట పెడితే ఆ కొత్తదీ కాలుతుంది.

వైండింగ్ వేడిని కనిపెట్టే థర్మిస్టర్లు, మోటారు వేగాన్ని మార్చే డ్రైవులు వచ్చాక చేతి అనుభవంతో పనేమిటని మరో ప్రశ్న. థర్మిస్టర్ ఉండాల్సిందే, పెద్ద మోటారుకు అది లేకపోవడం నిర్లక్ష్యం. కానీ అది హద్దు దాటగానే ఆపుతుంది, కారణం చెప్పదు. డ్రైవు సంగతి ఇంకా సున్నితం. వేగం తగ్గిస్తే మోటారు షాఫ్టు మీదే ఉన్న ఫ్యాను వేగమూ తగ్గుతుంది. బరువైన పనిలో నెమ్మదిగా తిరిగే మోటారు గాలి అందక ఉడుకుతుంది, దానికి వేరే బ్లోయర్ అమర్చాలి. అంటే కొత్త పరికరం పాత తెలివిని తీసివేయలేదు, దానికి ఇంకొక పాఠం కలిపింది.

ఐటీఐ ఎలక్ట్రీషియన్ కోర్సులో కాయిల్ చుట్టడం నేర్పుతున్నారు. కాలిన కాయిల్‌ను చదవడం కూడా పరీక్షలో భాగం కావాలి. షాపుల్లో నోటిమాటగా తిరుగుతున్న ఈ రోగ నిర్ణయం కాగితం మీదికి రావాలి. వైండింగ్ బిల్లు మీద రాగి బరువు, కూలీ రాసినట్టే మోటారు ఎందుకు కాలిందో ఒక వరుస రాయడానికి ఖర్చేమీ లేదు. ఒకే కటింగ్ యూనిట్ బిల్లుల్లో ఏడాది పొడవునా ‘ఫేజు పోయింది’ అని కనిపిస్తే, యజమాని ముందు కొనాల్సింది మోటారు కాదు, ఫేజు పోగానే మోటారును ఆపే సింగిల్ ఫేజింగ్ ప్రివెంటర్.