వేటకథలో నేలమాళిగ

ఒకరినొకరు ఎరుగని కొందరు మనుషులు తెలియని చోట కళ్ళు తెరుస్తారు. చుట్టూ అడవి. ఎవరో తుపాకులతో తరుముతుంటారు. ఒక్కొక్కరే కూలిపోగా చివరికి ఒకరు మిగులుతారు. ఈ చట్రంలో వచ్చిన కథలకూ, సినిమాలకూ లెక్కలేదు. మన విద్యార్థులు వీటిని విరివిగా చూస్తున్నారు. మన పండితులు మాత్రం కాలక్షేపం సరుకని తీసిపారేస్తున్నారు. అలా తీసిపారెయ్యడం విమర్శకుడికి తగదు. లక్షలాది జనం ఊపిరి బిగబట్టి చూసే కథలో వాళ్ళ భయం ఏదో దాగి ఉండి తీరుతుంది. ఆ భయం ఎక్కడ పుట్టింది, కథ దాన్ని ఎటు నడిపిస్తున్నది అన్నదే మనం తేల్చుకోవలసిన విషయం.

ఈ శాఖకు మూలం అమెరికన్ రచయిత రిచర్డ్ కానెల్ 1924లో కొలియర్స్ పత్రికలో ప్రచురించిన ‘ది మోస్ట్ డేంజరస్ గేమ్’ అనే కథ. ఇంగ్లీషులో ఆ చివరి మాటకు ఆట అనీ, వేటాడే జంతువనీ రెండర్థాలున్నాయి. రైన్స్‌ఫర్డ్ అనే పేరుమోసిన వేటగాడు ఓడమీదనుంచి సముద్రంలో పడిపోయి, ఈదుకుంటూ ఒక దీవి చేరతాడు. అక్కడ జరోఫ్ అనే రష్యన్ జనరల్ కోటలాంటి భవంతి కట్టుకుని ఉన్నాడు. జంతువుల వేట విసుగెత్తి, ఆలోచించగల మృగం కోసం వెతికి, మనిషిని ఎన్నుకున్నవాడు. మూడు రోజులు తప్పించుకు తిరిగితే విడుదల, దొరికితే చావు. ఆడనంటే, ఒకనాడు జారు కొలువులో కొరడా పట్టిన ఐవాన్ అనే సేవకుడికి అప్పగింత.

కథా సంవిధానంలో కానెల్ దిట్ట. అనవసరమైన వాక్యం లేదు. పరుగు మొదలైన తరవాత పాఠకుడు పుస్తకం మూయలేడు. ఈ నేర్పు ఒప్పుకోవలసిందే. ఐతే అంతకంటె ముఖ్యమైనవి కథలో రచయిత దారివెంట వదిలిపెట్టిన చిన్నచిన్న వివరాలు.

జరోఫ్ ఎవరు? అతడి తండ్రికి క్రిమియాలో రెండున్నర లక్షల ఎకరాల భూమి ఉండేది. విప్లవం వచ్చి ఆ జమీను పోయింది. తోటి ప్రభువులు కొందరు పారిస్‌లో టాక్సీలు నడుపుకుంటుండగా ఇతడికి ఆ అగత్యం పట్టలేదు. కారణం కథలోనే ఉంది: ముందుచూపుతో డబ్బు అమెరికన్ వాటాపత్రాలలో పెట్టాడు. కాబట్టి ఆ దీవిలోని భవంతి, వేటకుక్కలు, బల్లమీది విందు, సమస్తమూ అమెరికన్ కంపెనీల లాభాలమీద నిలిచి ఉన్నవే. నిద్రకు ముందు ఈ ప్రభువు మార్కస్ అరీలియస్ తత్త్వగ్రంథం చదువుకుంటాడు. సంస్కారానికి ఏ లోటూ లేదు. హత్య మాత్రం నిత్యకృత్యం. పాత భూస్వామ్యపు దర్పమూ, కొత్త పెట్టుబడి ఆదాయమూ ఒకే బొమ్మలో ఇంత కుదురుగా చేరిన సందర్భాలు ప్రసిద్ధ సాహిత్యంలోనూ తక్కువే.

ఇక వేటకు గురయ్యేది ఎవరు? దారితప్పించే దీపాలు పెట్టి, ఓడలను రాళ్ళకు కొట్టించి, అందులోని నావికులను పట్టి తెస్తాడు. వాళ్ళ జాబితా చదువుతూ జరోఫ్ మొదట చెప్పే పేరు లాస్కర్లు. తెల్లవాళ్ళ ఓడలలో బొగ్గు ఎగదోసి, డెక్కులు కడిగి, తెల్ల నావికుడి జీతంలో స్వల్పభాగానికి పనిచేసిన మన ఉపఖండపు కూలీలను పిలిచిన పేరది. తరవాత నల్లవాళ్ళు, చీనావాళ్ళు, ఆపైన బీద తెల్లవాళ్ళు. ఒక మేలుజాతి గుర్రం ఇటువంటివాళ్ళు ఇరవైమంది పెట్టు అని అతడి లెక్క. ఈ కథను కేవలం ఉత్కంఠ కోసం చదివే మన విద్యార్థి ఈ వాక్యం దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. ఆ దీవిలో చచ్చినవాళ్ళలో మనవాళ్ళున్నారు. కథానాయకుడి పరుగులో లీనమై మనం వాళ్ళను దాటిపోతున్నాం.

రైన్స్‌ఫర్డ్ మూడు ఉచ్చులు పన్నుతాడు. ఒకటి మలయాలో నేర్చినది, ఒకటి బర్మాలో పులులకు తవ్వే గొయ్యి, ఒకటి ఉగాండాలో చూసిన కత్తి ఉచ్చు. మూడూ వలసదేశాల అడవి మనుషుల విద్యలే. తెల్ల వేటగాడి ప్రాణం కాపాడినది వాళ్ళ తెలివి. వాళ్ళు మాత్రం కథలో లేరు. చివరికి రైన్స్‌ఫర్డ్ సముద్రంలో దూకి, చుట్టు తిరిగివచ్చి, జరోఫ్ పడకగదిలోనే అతణ్ణి ఎదుర్కొంటాడు. ఆ రాత్రి జరోఫ్ పరుపుమీద హాయిగా నిద్రపోతాడు. కథ సమాప్తం.

ఇక్కడ ఒక ప్రశ్న వెయ్యక తప్పదు. జరోఫ్ భవంతి కింద నేలమాళిగ ఉంది. ఒక స్పానిష్ ఓడనుంచి పట్టుకున్న సుమారు పన్నెండుమంది నావికులు అందులో బందీలుగా ఉన్నారని జరోఫ్ స్వయంగా రైన్స్‌ఫర్డ్‌తో చెబుతాడు. రైన్స్‌ఫర్డ్ ఆ సంగతి విన్నాడు, మనమూ విన్నాం. యజమాని చచ్చాడు, కొరడావాడు చచ్చాడు. ఇంక ఆ తలుపు తెరవడానికి అడ్డేమిటి? ఐనా విజేత మేడమీద పరుపు ఎక్కాడు. నేలమాళిగను రచయిత మరచిపోయాడు. వందేళ్ళుగా పాఠకులూ మరచిపోతూనే ఉన్నారు. దీన్ని రచనలో దొర్లిన లోపమని వదిలెయ్యడానికి వీల్లేదు. ఒక్కడి విజయం చెప్పడానికే చట్రం బిగించినప్పుడు, మిగిలినవాళ్ళు జ్ఞాపకం రావడానికి అందులో చోటుండదు. లోకంలో వేటాడేవాళ్ళు, వేటాడబడేవాళ్ళు అని రెండు వర్గాలే ఉన్నాయని కథారంభంలో రైన్స్‌ఫర్డ్ స్నేహితుడితో ధీమాగా అంటాడు. కథాంతంలో అతడు రెండో వర్గంనుంచి మొదటి వర్గానికి తిరిగి వెళ్ళాడు. రెండు వర్గాలూ ఎక్కడివక్కడే ఉన్నాయి.

మన ప్రబంధాలలోనూ మృగయావినోదం ఉంది. మనుచరిత్రలో స్వరోచికి మృగాల భాష తెలుసు. వేటలో లేడి నోరువిప్పి మాట్లాడితే విని బాణం ఆపుతాడు. ఎదుటి ప్రాణి మాట చెవినబడితే వేట సాగదని పెద్దన కాలానికే తెలుసు. జరోఫ్‌కు తన మృగాల మాట బాగానే తెలుసు. వినవలసిన అవసరమే అతడికి లేదు.

కానెల్ కథ 1932లోనే సినిమాగా వచ్చింది. తరవాత దీని పిల్లలూ మనుమలూ అనేకం. ఇటీవలివాటిలో 2020 మార్చిలో విడుదలైన ‘ది హంట్’ మన పరిశీలనకు తగినది. క్రెగ్ జోబెల్ దర్శకుడు. పన్నెండుమంది అపరిచితులు నోటికి తాళాలతో ఒక మైదానంలో మేల్కొంటారు. పక్కనే ఒక పెట్టె, అందులో ఆయుధాలు. తరిమేవాళ్ళు ధనికులు, విద్యావంతులు, నోటినిండా ఉదారవాద పరిభాష గలవాళ్ళు. పట్టుబడినవాళ్ళు ఇంటర్నెట్టులో ద్వేషమూ, వదంతులూ చల్లినవాళ్ళు. 2019 ఆగస్టులో అమెరికాలో ఎల్ పాసో, డేటన్ నగరాలలో సామూహిక కాల్పులు జరగడంతో దీని విడుదల వాయిదాపడింది. ట్రంప్ సినిమా పేరెత్తకుండానే హాలీవుడ్డును దుయ్యబట్టాడు. ఇంత రభస అయ్యాక, తీరా చూస్తే, రెండు పక్షాలనూ సమానంగా ఎగతాళి చేసిన చిత్రమిది.

ఆ సమానత్వంలోనే మోసముంది. ఒక పక్షానికి సొంత విమానం ఉంది, పరదేశంలో కోటలాంటి ఇల్లుంది, హత్యను ఏర్పాటు చేసుకోగల ధనముంది. రెండో పక్షానికి ఉన్నవి నోటిదురుసూ, ఒక ఫోనూ. వీళ్ళిద్దరి మధ్య ఉన్నది అభిప్రాయభేదమే ఐనట్టు సినిమా చూపిస్తుంది. జరోఫ్ దగ్గర భూమి, వాటాపత్రాలు, కొరడా స్పష్టంగా కనిపించాయి. ఇక్కడ వాటిమీద హాస్యపు ముసుగు కప్పారు. వర్గవైరాన్ని మాటల తగాదాగా మార్చడం నేటి పెట్టుబడిదారీ వినోదానికి ఎంతో ఇష్టమైన పని. బీదవాడి అజ్ఞానాన్నీ, ధనికుడి క్రౌర్యాన్నీ ఒకే తక్కెడలో పెట్టి రెండూ సమానమని చెప్పడం న్యాయం కాదు.

ఐనా ఇందులో ఒక పాత్ర బతికుంది. బెట్టీ గిల్పిన్ ధరించిన క్రిస్టల్, కార్లు అద్దెకిచ్చే దుకాణంలో పనిచేసే స్త్రీ, ఆఫ్ఘనిస్తాన్ యుద్ధంలో పనిచేసి వచ్చినది. ఏ పక్షపు మాటలూ ఆమెకు పట్టవు. కుందేలూ తాబేలూ కథ ఆమె తల్లి చెప్పిన తీరు వేరు. పందెంలో ఓడిన కుందేలు ఆ రాత్రి తాబేలు ఇంటికి వెళ్ళి కుటుంబాన్నంతా చంపుతుంది. ఎప్పుడూ గెలిచేది కుందేలే. నీతికథల వెనక కిందివర్గం నిత్యం చూసే సత్యాన్ని ఇంత సూటిగా చెప్పినందుకు సినిమాను మెచ్చుకోవాలి. పైగా పేరు పొరపాటువల్ల వేరొక క్రిస్టల్‌కు బదులు ఈమెను పట్టుకొచ్చారని చివర తేలుతుంది. వేటగాళ్ళకు పేదలందరూ ఒకటేనన్నమాట!

కాని ముగింపు చూడండి. వేటగాళ్ళ నాయకురాలిని చంపి, ఆమె దుస్తులు తొడుక్కుని, ఆమె విమానమెక్కి, షాంపేను తాగుతూ క్రిస్టల్ వెళ్ళిపోతుంది. 1924లో యజమాని పరుపు, 2020లో యజమాని విమానం. దాదాపు నూరేళ్ళలో కథ ఒక్క అడుగు ముందుకు వెయ్యలేదు. వెంట వచ్చిన పదకొండుమంది శవాల ఊసు విజేతకు లేదు, ప్రేక్షకుడికీ రాదు.

ఈ వరసను తెంచిన చిత్రం బ్రెజిల్‌నుంచి వచ్చింది. క్లెబర్ మెండోన్సా ఫిలో, జూలియానో డోర్నెలెస్ కలిసి తీసిన ‘బకురావ్’ 2019లో కాన్ ఉత్సవంలో జ్యూరీ బహుమతి పంచుకుంది. బ్రెజిల్ ఈశాన్యంలో కరువుసీమ. అక్కడ బకురావ్ అనే చిన్న పల్లె. పైనెక్కడో నీళ్ళు కట్టేశారు, లారీమీద నీళ్ళు తెచ్చుకోవాలి. నగరాధ్యక్షుడు ఓట్లకోసం వచ్చి, బడికి పుస్తకాలంటూ టిప్పరు లారీతో చెత్త కుమ్మరించినట్టు కుమ్మరించి పోతాడు. ఒకనాడు ఉపాధ్యాయుడు పిల్లలకు తమ ఊరిని ఇంటర్నెట్టు పటంలో చూపించబోతే ఊరు కనిపించదు. తరవాత ఫోన్లు పలకవు. నీళ్ళ లారీకి తూటాల చిల్లులు పడతాయి. డబ్బుపెట్టి మనుషులను వేటాడ వచ్చిన విదేశీయుల ముఠా ఊరిచుట్టూ చేరింది. వాళ్ళకు దారి చూపినవాళ్ళు దేశంలోని దక్షిణ ప్రాంతం వాళ్ళిద్దరు. తాము మీలాంటి తెల్లవాళ్ళమేనని వాళ్ళు చెప్పుకుంటే, ముఠా పకపక నవ్వి ఆ ఇద్దరినీ కాల్చేస్తుంది. దళారీ బతుకుకు ఇంతకంటె క్లుప్తమైన వ్యాఖ్యానం నేను చూడలేదు.

ఇక్కడ వేటకు గురైనవాళ్ళు అపరిచితులు కారు. చిత్రం మొదటే ఊరంతా ఒక ముసలమ్మ శవం వెంట నడుస్తుంది. ఎవరు ఎవరి బిడ్డో, ఎవరితో ఎవరికి తగాదానో అందరికీ తెలుసు. ఊళ్ళో ఒక మ్యూజియం ఉంది. వేటగాళ్ళు దాన్ని లెక్కచెయ్యరు. దాని గోడలమీద ఉన్నవి ఆ సీమలో ఒకప్పుడు భూస్వాములనూ, పోలీసులనూ ఎదిరించిన బందిపోటు దళాల కాలపు తుపాకులూ, ఛాయాచిత్రాలూ. ఆ దళాలలో ప్రసిద్ధుడైన లాంపియావ్‌ను 1938లో చంపి, తలలు నరికి ప్రదర్శించారు. ఆ చరిత్ర ఊరికి కంఠస్థం. సమయం వచ్చినప్పుడు గోడమీది తుపాకులు కిందికి దిగుతాయి. పోరాటం ముగిశాక నేల కడగమనీ, గోడమీది నెత్తుటి చేతిగుర్తులు మాత్రం తుడవవద్దనీ మ్యూజియం చూసే స్త్రీ చెబుతుంది. అదీ చరిత్రలో భాగమే కదా!

ఈ చిత్రంలో లోపాలు లేవని నేననను. చివరి భాగంలో రక్తపాతం మీద దర్శకులకు మోజు కలిగింది. ఊరంతా మింగే మత్తు విత్తనం ధైర్యానికి అనవసరమైన ఆసరా. లుంగా అనే తిరుగుబాటుదారుడి రాకలో పాత వీరపూజ వాసన ఉంది. నీళ్ళ కోసం నిత్యం జరగవలసిన పోరాటానికి చిత్రం పెద్దగా చోటివ్వలేదు. ఐనా చివరికి ఒకరి పేరు మీద విజయం మిగలదు. నగరాధ్యక్షుడి పాత్ర బయటపడినప్పుడు తీర్పు చెప్పేది ఊరు. యజమాని పరుపుమీద ఎవరూ పడుకోరు.

కాలక్షేపం కథలో వర్గాలు వెతకడం దేనికని కొందరు అడుగుతారు. మనం వెతకడం లేదు. రెండున్నర లక్షల ఎకరాలు, వాటాపత్రాలు, లాస్కర్లు రచయిత పెట్టినవే. అపరిచితులు అనే మాటను మాత్రం మనం ఉన్నదున్నట్టు స్వీకరించకూడదు. ఆ మనుషులను ఒకరికొకరు తెలియకుండా చేసినది ఎవరు? ఒకే ఓడలో బొగ్గు తోసినవాళ్ళు నేలమాళిగలో అపరిచితులెలా అయ్యారు? ఒకరి వెనక ఒకరిని విడివిడిగా అడవిలోకి వదిలితేనే వేట సాగుతుంది. జరోఫ్ ఆ పన్నెండుమందినీ ఒకేసారి వదిలి ఉంటే మూడో రోజుదాకా ఆట నిలిచేదా? వేటగాడికి తెలిసిన ఈ సంగతి కథకుడు మనకు తెలియనివ్వలేదు.

మన విద్యార్థులకు ఈ పాఠం అడవిలోనే కాదు, బయటా అందుతున్నది. పోటీలో వందమంది రాలిపోయి ఒకడు నెగ్గితే అతడి పటం గోడకెక్కుతుంది. రాలినవాళ్ళను లెక్కించేవాడు లేడు. అందువల్లనే ఒక్కడు బతికి బయటపడే కథ మనకు అంత సహజంగా తోస్తుంది. ఉపాధ్యాయులు ఈ కథలను నిషేధించనక్కర లేదు. కానెల్ కథను తరగతిలో చదివించండి, ఉత్కంఠను అనుభవించనివ్వండి. చివరి వాక్యం అయిన తరవాత ఒక్క ప్రశ్న అడగండి: నేలమాళిగ తలుపు ఎవరు తెరిచారు? జవాబు కథలో లేదని పిల్లలే చెబుతారు. సాహిత్య విమర్శ అక్కడినుంచి మొదలుపెట్టవచ్చు.