చోరనాయకుడు – హాస్యము

దొంగ నాయకుడైన కథను చూచి ప్రేక్షకుడు నవ్వినచో, అతడు దొంగతనమును మెచ్చినట్లే యని తలంచు విమర్శకులు కలరు. ఈ తలంపు సమంజసము కాదు. నవ్వునకు కారణము చౌర్యము కాదు. చౌర్యము తెచ్చిపెట్టిన చిక్కు. అయినను ఆ చిక్కునడుమ సొమ్ము పోగొట్టుకొన్నవారి గతి యేమను ప్రశ్న యొకటి మిగులును. ఆ ప్రశ్నకు కథలో చోటు కలదా లేదా యనునదే చోరహాస్యమునకు గీటురాయి. 1993లో మణిరత్నము తమిళమున తీసిన ‘తిరుడా తిరుడా’ తెలుగువారికి ‘దొంగ దొంగ’గా పరిచితము. ఆ చిత్రమును ఈ గీటురాయిపై పరీక్షించుట ఈ వ్యాసోద్దేశము.

ఈ విషయమున మనకు తొలి ప్రమాణము శూద్రకుని మృచ్ఛకటికము. తృతీయాంకమున శర్విలకుడు కన్నము వేయుటను ఒక శాస్త్రముగా భావించి, జందెముతో గోడను కొలుచును. సభ నవ్వును. కాని అతడు దొంగిలించిన నగలు పేదయైన చారుదత్తుని యొద్ద వసంతసేన దాచుకొన్నవి. వాని లోటు తీర్చుటకై చారుదత్తుని భార్య ధూత తన రత్నావళిని ఇచ్చివేయును. నవ్వు వెంటనే నష్టము కూడ రంగస్థలము మీదనే నిలిచినది. చతుర్థాంకమున మదనిక నగలను గుర్తించి, చారుదత్తుడు పంపిన మనిషివలె నటించి వానిని వసంతసేనకు అప్పగింపుమని శర్విలకునకు బోధించును. దొంగను నటునిగా మార్చినది ఆమెయే. ఆ నటనమే అతని ఉద్ధరణమునకు దారియైనది. దొంగకును కళావతికిని గల సంబంధమునకు ఇంతకంటె చక్కని ఉదాహరణము అరుదు.

దేశి సంప్రదాయమున ఇట్టిదే మరియొక న్యాయము కానవచ్చును. ముగ్గురాయి గనుల మంగంపేట గల కడపసీమలోను, దాని పొరుగుననున్న అనంతపుర సీమలోను తోలుబొమ్మలాట ఆదరణ పొందినది. అందు జుట్టుపోలిగాడు, బంగారక్క ఎంత మోటుగా పరిహాసమాడినను, వారి వెనుక రామాయణ కథ నిలిచియే యుండును. దుఃఖము ప్రక్కన ఉండుటచేత హాస్యమునకు బలము వచ్చును.

అనంతపుర సీమలోని తాడిపత్రికి చెందిన కె.వి. రెడ్డి 1955లో ‘దొంగరాముడు’ చిత్రమునకు దర్శకత్వము వహించెను. అందలి బాలుడు తల్లి మందులకై దొంగిలించి శిక్ష పొందును, తల్లియో మరణించును. నవ్వులు నిండిన ఆ చిత్రమున తొలి దొంగతనపు మూల్యము తుది దాక మరుగుపడలేదు.

‘దొంగ దొంగ’లో పరిస్థితి వేరు. వేయి కోట్ల రూపాయల నోట్లు గల కంటెయినరు దుండగుల పాలగును. ఇద్దరు చిల్లరదొంగలు, ఒక పల్లెపడుచు, నర్తకి చంద్రలేఖ ఆ చిక్కులో పడుదురు. పి.సి. శ్రీరామ్ ఛాయాగ్రహణము, రెహమాను సంగీతము, వెంటాడుటలోని వేగము ప్రశంసార్హములు. కాని పోయిన ధనము ప్రభుత్వమునది. దానికై కంట తడిపెట్టువారు లేరు. ధనము ముఖము లేనిదగుటచే దొంగలు నిర్దోషులుగా తోతురు; నవ్వు నిరాటంకముగా సాగును. ఆ ధనమును చేరు ఉపాయము చంద్రలేఖ చేతిలో కలదు. అయినను మదనికవలె దొంగను నిలదీయు బాధ్యత ఆమెకు లభింపలేదు. ఆమె కథను నడుపునే గాని మార్చదు. చిత్రము కన్నులను ఆకర్షించి హృదయమును అంటకుండుటకు కారణమిదియే.

ఈ చిత్రకథారచనలో పాలుపంచుకొన్న రామగోపాలవర్మ 1991లో తెలుగున ‘క్షణక్షణం’ తీసియుండెను. అందును బ్యాంకు సొమ్ము, దుండగులు, చందు అను చిల్లరదొంగ కలరు. అయితే ఆ సొమ్మునకు ఆధారమైన రసీదు ఫొటోల కవరులో ఏమియు ఎరుగని సత్య అను ఉద్యోగిని చేతికి వచ్చును. ఆమె పోగొట్టుకొన్నది ధనము కాదు. నిర్భయముగా తన ఇంటికి పోవు భాగ్యము. శ్రీదేవి నటనలో ఆ భయము నవ్వించును, నవ్వించుచునే జాలి పుట్టించును. నంది పురస్కారము పొందిన ఆ నటన వలన నష్టపోయినవారి ముఖము ప్రతి దృశ్యమునను మన యెదుట నుండును. కావున వ్యయమునందును విస్తారమునందును చిన్నదైన ‘క్షణక్షణం’ హాస్యమున పెద్దదని చెప్పవలసియున్నది.

వినోదచిత్రముపై ఇంత బరువు మోపుట న్యాయమా యని ఆక్షేపింపవచ్చును. శూద్రకుడు ఆ బరువును మోసియు నవ్వును పోగొట్టుకొనలేదు కదా! చిత్రములను వసూళ్ళతోనో నీతిసూత్రములతోనో తూచుట పత్రికలలో పరిపాటి. మన శాఖలలో మృచ్ఛకటిక చతుర్థాంకము పాఠము చెప్పునప్పుడు ఈ చిత్రములను ప్రక్కన నిలిపినచో, ఔచిత్యమనునది ప్రాచీన గ్రంథములకే పరిమితము కాదని విద్యార్థులు గ్రహింతురు. దొంగ ఎంత నేర్పరియో చూపుట సులభము. అతడు ఎవరి ఇంట కన్నము వేసెనో మరువకుండ నవ్వించుట కష్టము. ఆ కష్టమునకు ఓర్చిన కృతియే నిలుచును.