గైడ్‌ మెలొడీ

తలుపు జానెడు తెరిచి, ఆ సందులోంచి తల మాత్రం లోపలికి పెట్టి, మా గైడ్‌ అయిదు వేళ్లూ చాపి చూపించింది. లోపల గ్లాసులు తుడుస్తున్న పెద్దావిడ బల్ల పొడవునా ఒకసారి చూపు సారించి తల అడ్డంగా ఊపింది. గైడ్‌ నడుం వంచి దణ్ణం పెట్టి, లోపలివాళ్ల కబుర్లు తెగకుండా, చప్పుడు కాకుండా తలుపు మూసేసింది. నాలుగైదు సెకన్ల పని. మూడు తలుపుల దగ్గర ఇదే జరిగింది. నాలుగోచోట లోపలి మనిషి వెంటనే జవాబివ్వలేదు. గోడవారగా కూర్చున్న ఇద్దరి వైపు చూసింది. వాళ్లు చెరో స్టూలు పక్కకు జరిగారు. అప్పుడు తలుపు పూర్తిగా తెరుచుకుంది.

టోక్యోలో బార్ల టూరుకు డబ్బు కట్టానని చెబితే మా ఇంట్లో నవ్వారు. తాగడానిక్కూడా గైడా అని. నిజమే, తాగడం ఎవరూ నేర్పక్కర్లేదు. ఏడు స్టూళ్లున్న గదిలోకి, అందులో ఇరవై ఏళ్లుగా కూర్చుంటున్నవాళ్ల మధ్యకి, భాష రాని నలుగురిని తీసుకెళ్లి, ఎవరికీ ఇబ్బంది లేకుండా కూర్చోబెట్టడం మాత్రం పనే. చేతిపనే అంటాను. ఆ రాత్రంతా నేను చూసింది దాన్నే.

మేం నలుగురం. నేను, ఆస్ట్రేలియా నుంచి వచ్చిన భార్యాభర్తలు, బ్రెజిల్‌ కుర్రాడొకడు. గైడ్‌కి నలభై ఏళ్లుంటాయి. జెండా లేదు, మైకు లేదు, మెడలో కార్డు కూడా లేదు. షింజుకు స్టేషన్‌ పడమటి వైపు ఒమొయిదె యొకోచోలో మొదలుపెట్టాం. పేరుకి ‘జ్ఞాపకాల సందు’ అని అర్థం. యుద్ధం అయిపోయాక దొంగబజారుగా పుట్టిన సందు, ఇప్పుడు కోడిముక్కలు పుల్లకు గుచ్చి కాల్చే పొగ. అక్కడ ఎక్కువసేపు ఉండలేదు. “ముందు కడుపులో ఏదైనా పడాలి, నిచ్చెన పొడుగ్గా ఉంది” అందావిడ. ఒక బార్‌లో ఒక గ్లాసు తాగి ఇంకోదానికి, అక్కణ్ణించి మరోదానికి పోవడాన్ని జపాన్‌లో హషిగో-జాకే అంటారు. హషిగో అంటే నిచ్చెన. మెట్టు మెట్టుకీ మందు. దిగడం గురించి ఆ మాటలో ఏమీ లేదు!

తర్వాతి మెట్టు గోల్డెన్‌ గాయ్‌. కాబుకిచోలో ఆరు సన్నసందులు, వాటిలో రెండు వందలకు పైగా బార్లు. అగ్గిపెట్టెలు నిలబెట్టినట్టు రెండంతస్తుల చెక్క కట్టడాలు. పై అంతస్తుకి మెట్లు ఎంత నిటారుగా ఉంటాయంటే ఎక్కేటప్పుడు చేతులు కూడా కావాలి. కాబుకిచో పేరులోనే ఒక వెలితి ఉంది. యుద్ధం తర్వాత అక్కడ కాబుకి నాటకశాల కడదామనుకుని 1948లో ఆ పేటకు ఆ పేరు పెట్టారు. నాటకశాల రానే లేదు, పేరు మిగిలింది. గోల్డెన్‌ గాయ్‌ మొదట ఒళ్లమ్ముకునే ఇళ్ల సందు. 1958లో ఆ వ్యాపారాన్ని నిషేధించే చట్టం పూర్తిగా అమల్లోకి వచ్చాక ఆ చిన్న గదులే బార్లయ్యాయి. రచయితలూ సినిమావాళ్లూ చేరారు. 1980లలో భూముల ధరలు ఆకాశానికంటినప్పుడు ఈ చెక్క ఇళ్లకు నిప్పు పెట్టి ఖాళీ చేయిస్తారేమోనని, ఇక్కడ తాగేవాళ్లే వంతులు వేసుకుని రాత్రిళ్లు కాపలా కాశారట. చుట్టూ మేడలు లేచిన షింజుకులో ఇది ఇంకా నేలబారునే ఉంది.

ఆ నాలుగో తలుపు లోపల స్టూళ్ల మీద సర్దుకున్నాక గైడ్‌ తలుపు పక్క చివరి స్టూలు తీసుకుంది. గాలీ చలీ తగిలే చోటు. కానీ అక్కణ్ణించి మా నలుగురి మొహాలూ, బల్ల వెనకావిడ చేతులూ ఒక్క చూపులో కనిపిస్తాయి. కూర్చోగానే చిన్న గిన్నెల్లో ఉడికించిన దుంపలేవో వచ్చాయి. మేం అడగలేదు. దాన్ని ఒతోషి అంటారు. కూర్చున్నందుకు కట్టే రుసుము అది, సాధారణంగా 500 నుంచి 1,000 యెన్ల దాకా ఉంటుంది. తెలియనివాళ్లకి ఇదే మొదటి తగాదా. గిన్నెలు బల్ల మీదికి రాకముందే, చేతులు తుడుచుకోవడానికి ఇచ్చిన వేడి తువ్వాళ్లు మా చేతుల్లో ఉండగానే, గైడ్‌ ఆ సంగతి చెప్పేసింది. రుసుము అనలేదు. “ఈ స్టూలు అద్దె ఇదిగో, తినడానికి బాగుంటుంది” అంది.

బల్ల వెనకావిడని ‘మామా’ అని పిలవాలన్నప్పుడు నాకు నవ్వాగలేదు. మనకు మామ అంటే మీసాలుంటాయి. ఇక్కడ మామా అంటే పలికేది డెబ్బై ఏళ్ల ముసలావిడ, బొమ్మంచు ఏప్రాన్‌ కట్టుకుని. గైడ్‌ నా నవ్వు పట్టుకుంది, కారణం అడిగింది, మామాకి చెప్పింది. మామా నా వైపు తిరిగి లేని మీసం మెలేసింది. మంచు కరిగింది. పక్కన జరిగి కూర్చున్న పాత ఖాతాదారు ఏ దేశం అనడిగితే గైడ్‌ ‘ఇండియా’ అనలేదు. “ఆర్‌ఆర్‌ఆర్‌ సినిమా భాష వాళ్లది” అంది. 2022 అక్టోబరులో జపాన్‌లో విడుదలై నెలల తరబడి ఆడిన సినిమా అది. ఆ పెద్దమనిషి స్టూలు దిగకుండానే కాళ్లతో నాటు నాటు అడుగు వేసి చూపించాడు. బల్ల కింద చోటు లేక మోకాలు కొట్టుకుంది. ఆ తర్వాత పది నిమిషాలు గైడ్‌ ఒక్క మాట కూడా అనువాదం చెయ్యలేదు. నేను సాయం కోసం చూస్తే తన గ్లాసులోకి చూసుకుంటూ కూర్చుంది. మాట పూర్తిగా ఆగిపోయినప్పుడు మాత్రం ఒక పదం అందించేది. ఒక్కటే.

ఈలోగా మామా హైబాల్‌ చేస్తోంది. విస్కీలో సోడా. మన ఊళ్లో ఏ పర్మిట్‌ రూములోనైనా అరనిమిషంలో అయిపోయే పని. ఈవిడకి మూడు నిమిషాలు పట్టింది. ఆ మూడు నిమిషాలూ నేను కన్నార్పలేదు. పొడవాటి గ్లాసులో అంచుదాకా ఐసు వేసింది. విస్కీ పొయ్యలేదు. పొడుగు చెంచాతో ఐసునే తిప్పింది. గ్లాసు పైన పొగమంచు పట్టేదాకా. ఆ కాస్తలో కరిగిన నీళ్లని చెంచా అడ్డుపెట్టి వంపేసింది. అప్పుడు విస్కీ. మళ్లీ తిప్పడం. చెంచా ఐసుకి తగిలినా చప్పుడు లేదు. వేళ్ల మధ్య చెంచా కాడ దానంతటదే తిరుగుతోంది, మణికట్టు కదలట్లేదు. విస్కీని పదమూడున్నర సార్లు తిప్పాలని ఒక లెక్క అక్కడి బార్లలో చెప్పుకుంటారు. ఆ అర ఏమిటో! ఈవిడ లెక్కపెట్టినట్టు లేదు. తగ్గిన ఐసు స్థానంలో ఇంకో ముక్క వేసి, బాగా చల్లబడిన సోడాని ఐసు మీద పడకుండా, గ్లాసు గోడకీ ఐసుకీ మధ్య సందు వెతికి పోసింది. ఐసుకి తగిలితే బుడగలు చచ్చిపోతాయి. చివర చెంచాని అడుగుకి దింపి ఒక్కసారి పైకెత్తింది. అంతే, తిప్పలేదు.

ఆ ఐసు గురించి చెప్పాలి. దానిలోంచి అవతలి అక్షరాలు చదవచ్చు, అంత తేట. ఇంటి ఫ్రిజ్‌లో ఐసు అన్ని వైపులనుంచీ గబగబా గడ్డకడుతుంది, గాలీ మలినాలూ నడిమధ్య చిక్కుకుని తెల్లగా కనిపిస్తాయి. జపాన్‌ ఐసు కార్ఖానాల్లో మైనస్‌ పది డిగ్రీల ప్రాంతంలో, నీటిని గాలితో కదిలిస్తూ, 48 గంటలకు పైగా నిదానంగా గడ్డకట్టిస్తారు. మలినాలన్నీ ఇంకా గడ్డకట్టని నీళ్లలోకి తోసుకుపోతాయి. ఆ నీళ్లని తీసేసి మంచినీళ్లు పోస్తారు. ఒక్కో దిమ్మ 135 కిలోలు. దాన్ని రంపంతో కోసి బార్లకిస్తారు. గట్టిగా, నిదానంగా కట్టిన ఐసు నిదానంగానే కరుగుతుంది. గ్లాసు సగమయ్యాక కూడా నా విస్కీ పలచబడలేదు. మర్యాద కూడా అలాంటిదే అనిపించింది, కానీ అప్పటికి అది రెండో గ్లాసు, అంచేత ఆ ఊహకి పెద్ద విలువ ఇవ్వక్కర్లేదు.

ఒక మాట చెప్పకపోతే అన్యాయం. మాలాంటి గుంపులు పెరగడం ఈ సందులకి మేలో కీడో నాకు తేలలేదు. ఒక తలుపు మీద ‘పాతవాళ్లకే’ అన్న బోర్డు చూశాను. బయట ఒకాయన కెమెరా పెట్టి తాగేవాళ్ల మొహాలు తీస్తుంటే ఎవరో తలుపు ధడాల్న వేశారు. మా గైడ్‌ ముందే చెప్పింది: ఫొటోలు వద్దు, మనిషికో గ్లాసు తప్పక తీసుకోవాలి, గంట దాటొద్దు. సెలవు రోజుల్లో తను ఒక్కతే వచ్చి, ఒక్కో బార్‌లో సొంత డబ్బుతో తాగి వెళ్తుందట. “గుంపుతో వచ్చి తీసుకున్న చోటుని అలా తిరిగిచ్చేస్తాను” అంది. నేను చూసిన మూడు తిరస్కారాల్లోనూ నవ్వు ఉండటానికి కారణం అదే కావాలి.

రాత్రి తొమ్మిదిన్నరకి కరవోకే గది చేరాం. కరా అంటే ఖాళీ, ఓకె అంటే ఆర్కెస్ట్రా. వాయిద్యగాళ్లు లేని మేళం. దీన్ని మొదట తయారుచేసిందెవరన్నది ఇంకా నలిగే ముచ్చట. టోక్యోలో ఇంజినీరు షిగేయిచి నెగిషి 1967లోనే ఇలాంటి పెట్టె చేశాడు. కోబెలో దైసుకే ఇనోవె 1971లో చేసిన యంత్రం వెనక కథ నాకు ఎక్కువ ఇష్టం. ఆయన బార్లలో పాడేవాళ్లకి వెనక వాయించే మనిషి. ఒక కంపెనీ యజమాని ఉండేవాడు, ఇనోవె వాయిస్తే తప్ప పాడలేడు. వేడినీటి బుగ్గల ఊరికి ఉద్యోగులతో విహారానికి వెళ్తూ తోడు రమ్మన్నాడు. ఇనోవెకి కుదరలేదు. ఆ యజమాని గొంతుకి తగిన శ్రుతిలో, అతని నడకకి తగిన లయలో వాయించి టేపు చేసి పంపాడు. మన పద్యనాటకాల్లో హార్మోనిస్టు చేసే పని ఇదే: నటుడి గొంతు ఆ రాత్రి ఎక్కడుందో అక్కడికి తను దిగి, రాగం తీయడానికి ఊతమివ్వడం. ఇనోవె ఆ హార్మోనిస్టుని పెట్టెలో పెట్టాడు. కారు స్టీరియో, యాంప్లిఫయరు, మైకు, 100 యెన్ల నాణెం వేసే కన్నం. మొదట చేసినవి 11. పేటెంటు తీసుకోలేదు. 2004లో ఇగ్‌ నోబెల్‌ శాంతి బహుమతి ఇచ్చారు, ఎదుటివాడి పాటని ఓర్చుకోవడం మనుషులకు నేర్పినందుకు. ఎగతాళే, కానీ అబద్ధం కాదు.

టేపు తర్వాత లేజర్‌ డిస్కు, 1992 నుంచి ఫోను తీగల మీద వచ్చే పాటలు. తీగలో వచ్చేది పాట కాదు, ఏ వాయిద్యం ఏ స్వరం ఎప్పుడు పలకాలన్న సూచన. అసలు పాటని చెవితో విని, ఒక్కో వాయిద్యాన్నీ విడదీసి రాసేవాళ్లుంటారు. పేరు ఎక్కడా పడని పని. దాంట్లో నన్ను కట్టిపడేసిన ముక్క ఒకటుంది, గైడ్‌ మెలొడీ అంటారు. పాడేవాడు పాడవలసిన వరసనే, వెనక వాయిద్యాలకన్నా తక్కువ గొంతులో, ఒక సన్నటి ధ్వని పలుకుతూ ఉంటుంది. పాట వచ్చినవాడికి అది వినపడదు. దారి తప్పినవాడికే వినపడుతుంది. దాన్ని పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. మరీ పెంచితే పాడేవాడు దాని వెనక పరిగెడతాడు. మరీ తగ్గిస్తే ఉన్నా లేనట్టే.

మొదటి పాట ఎవరు పాడాలన్న మొహమాటం రాకముందే గైడ్‌ మైకు తీసుకుంది. క్యూ సాకమోతో 1961లో పాడిన పాట. బయటి దేశాల్లో ‘సుకియాకి’ అన్న పేరుతో తెలుసు, పాటకీ ఆ మాంసం కూరకీ ఏ సంబంధమూ లేదు. ఆవిడ బాగా పాడలేదు. రెండోసారి చరణం ఎత్తుకోవడంలో వెనకబడింది కూడా. నా అనుమానం, కావాలనే. పాటలో వచ్చే ఈల మాత్రం ఆవిడ ఎక్కడా తప్పలేదు మరి. ఈల సరిగ్గా వేసేవాళ్లకి పాట తప్పడం అంత తేలిక కాదు. ఏమైతేనేం, బ్రెజిల్‌ కుర్రాడు వెంటనే మైకు లాక్కున్నాడు. అతను రెండో వరసకే పైస్థాయిలో చిక్కుకుంటే, ఆవిడ వేలు యంత్రాన్ని నడిపే పలక మీద మీట మూడుసార్లు నొక్కింది. శ్రుతి మూడు మెట్లు దిగింది. కుర్రాడికి తెలియలేదు, తన గొంతే విచ్చుకుందనుకుని కళ్లు మూసుకున్నాడు. ఆవిడ పలకని పక్కన పెట్టి తాళం వేయడం మొదలుపెట్టింది.

నా వంతుకి తెలుగు పాటలు వెతికాను. నాకు కావలసిన ఘంటసాల పాట ఆ రాత్రి నాకు దొరకలేదు. వద్దులెండి అన్నాను. ఆవిడ యంత్రం శబ్దం పూర్తిగా తగ్గించి, తెర మీద ఎవరో కొత్త గాయని మూగగా పెదాలాడిస్తుంటే, టాంబరిన్‌ చేతిలోకి తీసుకుని నా వైపు చూసింది. పల్లవి అయ్యేదాకా కొట్టలేదు, విన్నది. చరణంలో బొటనవేలితో అంచు మీద చిన్నగా మొదలుపెట్టింది. నాకు ఊపిరి చాలక ఒకచోట ఆగితే ఆ చెయ్యి కూడా గాల్లో ఆగింది. నేనందుకునేదాకా దిగలేదు. గోడకున్న ఫోను మోగింది, ఇంకా పది నిమిషాలని. ఆవిడ పాట అయ్యాకే ఎత్తింది.

ఆఖరి రైళ్లకి ఇంకా టైముంది. స్టేషన్‌ దగ్గర మమ్మల్ని ఒక్కొక్కరినీ గేటు దాటించింది. మీరూ ఈ రైలేనా అనడిగాను. కాదని తల ఊపి గోల్డెన్‌ గాయ్‌ వైపు చూపించింది. మామాకి ఇవాళ చోటు బాకీ పడ్డానంది. ఎవరూ లేని గాల్లోనే తలుపు జానెడు తెరిచినట్టు అభినయించి, ఒక్క వేలు చూపించింది.