ఎండలో చదివించే పలక

ఈ-రీడర్ తెరలోని సూక్ష్మ గుళికల్లో నలుపు, తెలుపు రేణువులు విద్యుత్తుకు పైకీ కిందికీ కదిలి అక్షరాలవుతాయి. పేజీ తిప్పినప్పుడే తెరకు కరెంటు కావాలి, అందుకే ఒక్క ఛార్జింగ్ వారాల తరబడి వస్తుంది. కొల్లేటి చెరువుగట్టు మీద మిట్టమధ్యాహ్నం ఫోను తెరలో చదివేవారి మొహమే కనిపిస్తుంది. ఈ-రీడర్‌లో మాత్రం అక్షరం కాగితం మీదున్నంత తేటగా నిలుస్తుంది. ఏలూరులో రైలెక్కి తాడేపల్లిగూడెంలో దిగేవారి చేతిసంచిలో వందల పుస్తకాలు ఇమిడిపోతాయి. చత్వారం వచ్చిన కళ్లకు అక్షరాన్ని పెంచుకునే వీలు అన్నిటికన్నా గొప్ప మేలు. అసలు బాధ తెలుగు దగ్గరే. 2016లో కిండిల్ స్టోరులో హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళ పుస్తకాలు చేరాయి, తెలుగు చేరలేదు. స్కాన్ చేసిన పాత పీడీఎఫ్ తెరిస్తే ఆరంగుళాల తెరపై వత్తులు అలుక్కుపోతాయి; పెద్దది చేస్తే పంక్తి అంచు దాటిపోతుంది. నలుపు-తెలుపు తెరలో కొల్లేటి ఆటపాక గూడబాతుల ఫొటో కూడా బూడిదరంగే.