ఓణీ, చక్రం, టీషర్టు

మా అమ్మాయి కొనిపెట్టిన కాటన్ టీషర్టు మీద ఒక బొమ్మ ఉంది. రంగు ముక్కల మధ్య సైకిలు మీదికి వంగిన మనిషి. ఇటలీ చిత్రకారుడు ఉంబెర్తో బొచ్చోని 1913లో వేసిన ‘సైక్లిస్టు చలనం’ అది.

మొదట ముచ్చటపడ్డాను. తర్వాతే ఇబ్బంది మొదలైంది. మనిషి, యంత్రం, గాలి ఒకదాన్లో ఒకటి కరిగిపోయి వేగమొక్కటే మిగిలిందక్కడ. దారి ఏదీ? ఈ వేగాన్ని ఆరాధించిన ఫ్యూచరిస్టుల తొలి ప్రకటన 1909లో పారిస్ పత్రిక ‘ల ఫిగారో’లో వచ్చింది. మరినెట్టి రాసిన ఆ ప్రకటన యుద్ధాన్ని కీర్తించింది, స్త్రీల పట్ల తిరస్కారాన్ని ఆదర్శంగా చాటింది. బొమ్మలో దారి లేకపోవడం కేవలం శైలి విషయమని అనుకోలేకపోతున్నాను. ఎవరూ అడ్డుచెప్పని వాడికి దారి గుర్తుండదు.

అదే 1913లో రష్యాలో నటాలియా గొంచరోవా కూడా ‘సైక్లిస్టు’ వేసింది. అందులోనూ గీతలు పదే పదే అదురుతుంటాయి. కానీ చక్రాల కింద రాళ్లు పరిచిన వీధి ఉంది. దుకాణాల బోర్డుల మీద టోపీ, పట్టు, దారం అనే మాటల ముక్కలున్నాయి. వెన్ను వంచి తొక్కుతున్న ఒంటికి ఆ కుదుపు తెలుస్తోంది. అతనూ మగవాడే. స్త్రీ వేసింది కాబట్టే ఇలా ఉందని తేల్చేయను. నగ్నచిత్రాలు వేసినందుకు 1910లో కోర్టు మెట్లెక్కాల్సి వచ్చిన మనిషికి వీధిలో ప్రతి రాయీ తెలిసే ఉంటుందని మాత్రం అనుకుంటాను.

మా ఊళ్లో అన్నయ్య అద్దె సైకిలు మీద అడ్డతొక్కుడు నేర్చుకున్నాడు. నేనడిగితే అమ్మ, ‘‘ఓణీ చక్రంలో పడుద్దే, పళ్లు రాలతాయి’’ అంది. ఓణీ తీసేస్తానంటే నోరు మూయించింది. నాకు ఇప్పటికీ సైకిలు రాదు. ఇవాళ టీషర్టు వేసుకోవడానికి ఎవర్నీ అడగక్కర్లేదు. కానీ ఎదుటివాళ్ల చూపు బొమ్మ దగ్గరే ఆగుతుందన్న నమ్మకం లేక పైన చున్నీ వేసుకుంటున్నాను. ఓణీ మళ్లీ వచ్చింది!

తొంభైల మొదట్లో తమిళనాడులోని పుదుక్కోటలో, అక్షరాస్యతా ఉద్యమంతో పాటే వేలమంది స్త్రీలు సైకిలు నేర్చుకున్నారు. చాలామంది చీరలతోనే. వాళ్ల బొమ్మ వేస్తే అందులో నీళ్లబిందె, పలకాబలపం, ఎగదోపిన కుచ్చిళ్లు, గతుకులు అన్నీ ఉండాలి. వేగమే ఆధునికత అనుకున్న కళకి ఇవన్నీ అడ్డం. మన కథంతా వాటిలోనే ఉంది. అలాంటి టీషర్టు ఇంతవరకూ నాకు కనిపించలేదు.

ఇది కూడా బాగానే ఉంది. ఉతికి మళ్లీ వేసుకుంటాను. చున్నీ సంగతే తేల్చుకోవాలి.