అద్దం చుట్టూ దారం

బళ్లారి పేరెత్తితే తెలుగువాళ్లకు ముందు నాటకమే గుర్తొస్తుంది. ధర్మవరం రామకృష్ణమాచార్యులు, కోలాచలం శ్రీనివాసరావు, బళ్లారి రాఘవ ముగ్గురూ ప్లీడర్లే. పగలు కోర్టు, రాత్రి నాటకం. వాళ్ల కళకు ఎదురుగా జనం ఉండాలి, చప్పట్లు పడాలి. చూసేవాళ్లెవరూ లేకపోయినా సాగిపోయే కళ ఒకటి ఇదే జిల్లాలో ఉంది. సండూరు కొండల దాపున తండాల్లో ఆడవాళ్లు కుట్టే లంబాడీ కుట్టు.

ఈ మనుషుల్నే మన రాయలసీమలో సుగాలీలంటాం. ఎడ్ల మీద ఉప్పూ ధాన్యమూ మోసుకుంటూ ఊళ్లు తిరిగిన జనం. రైలొచ్చాక ఆ బేరం పోయింది, అద్దాల బట్ట మాత్రం మిగిలింది. సండూరు చుట్టూ ఉన్నవేమో ఇనుప ఖనిజం కొండలు. గనుల జోరులో లారీలు లేపిన దుమ్ముకి చెట్ల ఆకులు కూడా ఎర్రబడ్డాయి. 2011లో సుప్రీంకోర్టు జిల్లాలో తవ్వకాలు ఆపించేదాకా ఆ పరుగు ఆగలేదు. అంత దుమ్ములోనూ ఈ కుట్టు ఆగిపోలేదు.

అద్దం ఎలా నిలబడుతుందో దగ్గర కూర్చుని చూడాలి. దానికి బెజ్జం ఉండదు, జిగురు పెట్టరు. బట్ట మీద బొటనవేలితో నొక్కిపట్టి, దారాన్ని దాని మీదుగా అడ్డంగా రెండు సార్లు, నిలువుగా రెండు సార్లు లాగుతారు. దాంతో అద్దం చిన్న చట్రంలో చిక్కుతుంది. తర్వాత ఆ చట్రాన్ని సూదితో అందుకుంటూ, అంచు చుట్టూ ముడి పక్కన ముడి వేసుకుపోతారు. దారం వదులైతే అద్దం జారిపోతుంది, బిగిస్తే బట్ట ముడతలు పడుతుంది. సరైన బిగువేదో వేలికే తెలియాలి. కిలన్, వేలె, బక్యా, మాకి, రేలో, గద్రి, నక్రా... ఇలా 14 రకాల కుట్లకు పేర్లున్నాయి.

ఆ బిగువు చూసుకుంటున్నంతసేపూ మనిషి ఇంకో ఆలోచన పెట్టుకోలేదు. నా మటుకు నాకు కుట్టులోని మందు అక్కడే ఉందనిపిస్తుంది. పూర్తయిన బట్ట అందంగా ఉందా లేదా అన్నది తర్వాతి మాట.

మామయ్య పోయాక మా పెద్దత్త ఏడాదిపాటు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని నమ్మిన మనిషి. ఒకరోజు మామయ్య పాత పంచెలు బయటికి తీసి, చింపి, బొంత కుట్టడం మొదలుపెట్టింది. “రాత్రిపూట ఎందుకత్తా, కళ్లు పోతాయి” అన్నాను. “ఏడిస్తే పోని కళ్లు కుడితే పోతాయేమిరా?” అంది. చాన్నాళ్లకు ఆమె నోట విన్న పెద్ద వాక్యం అదే. బొంత సగమయ్యేసరికి పక్కింటావిడ వచ్చి ఓ మూల పట్టుకుని కూర్చునేది. తలెత్తి ముఖాలు చూసుకోవలసిన పని లేదు కాబట్టి కాబోలు, మాటలు వాటంతటవే వచ్చేవి.

దుఃఖంలో సూది పట్టింది మా అత్త ఒక్కతే కాదు. చిలీ దేశంలో 1973లో సైన్యం అధికారం లాక్కున్నాక ఎందరో మగవాళ్లు మాయమైపోయారు. నోరెత్తే వీల్లేని రోజులు. వాళ్ల తల్లులూ భార్యలూ ఒకచోట చేరి గోనెగుడ్డ మీద బట్టపేలికలతో బొమ్మలు కుట్టారు. కొందరు తప్పిపోయినవాళ్ల బట్టల ముక్కలే వాడారు. చర్చి అండతో ఆ బొమ్మలు విదేశాల్లో అమ్ముడుపోయాయి. అటు దుఃఖం లోకానికి తెలిసింది, ఇటు పొయ్యి వెలిగింది.

కళలు ఆరోగ్యానికి మేలు చేస్తాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో 3,000కు పైగా అధ్యయనాలు పరిశీలించి చెప్పింది. సంతోషమే. కానీ కుట్టు డాక్టరు కాదు. నెలల తరబడి నిద్ర పట్టక, తిండి సయించక ఉన్న మనిషి చేతిలో సూది పెట్టి ఊరుకోవడం మన తప్పించుకునే తెలివి.

ఇంకో తెలివి కూడా ఉంది మనకు. “ఇంట్లో కూర్చుని చేసే కాలక్షేపమే కదా” అని ధర తగ్గించడం. మనసు తేలికపడిందని కూలి కోసేస్తామా? ఈ పనికి బజారు చూపించడానికే 1988 నుంచి సండూరు కుశల కళా కేంద్రం పనిచేస్తోంది. 2010లో సండూరు లంబాడీ కుట్టుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2023 జులైలో హంపిలో జీ20 సమావేశం జరిగినప్పుడు 450 మందికి పైగా ఆడవాళ్లు కుట్టిన 1,755 వస్తువుల ప్రదర్శన గిన్నిస్‌కెక్కింది. రికార్డు గోడకు వేలాడుతుంది, సరే. తండాలో మనిషికి దక్కేది మాత్రం ఆమె కుట్టిన సంచీ అమ్ముడైనప్పుడు వచ్చే డబ్బే.

హంపి చూడ్డానికి వెళ్లేవాళ్లు ఒక పూట సండూరుకు కేటాయించండి. ఒక అద్దాన్ని వేలితో తడిమి చూడండి, నచ్చితే కొనండి. బేరం మాత్రం ఆడకండి.